చుక్క పడే చోటు

"ఈ ఇంటి పైకప్పు నాకు అరచెయ్యిలాంటిది అత్తయ్యా! పదిసార్లు ఎక్కి చూశాను. నీళ్లన్నీ ఎడమ మూలకే పరిగెడతాయి. అక్కడ ఒక్క పైపు దించితే చాలు," అన్నాడు అల్లుడు, తను గీసిన బొమ్మని కుట్టుమిషన్ మీద పరుస్తూ.

అత్తగారు బొమ్మ వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది. పోయిన వానాకాలం చూరు మీంచి పొంగిన నీళ్లు ఆ కిటికీలోంచే లోపలికొచ్చాయి. కుట్టడానికిచ్చిన పదకొండు గౌన్లూ నాని ఒకే రంగులోకి దిగాయి. ఆ రంగుకి ఇప్పటిదాకా ఎవరూ పేరు పెట్టలేకపోయారు. ఇంకోసారి అలా జరిగితే ఆవిడ మిషన్‌కి మూత పెట్టెయ్యడమే.

చూరు పొడుగునా కొత్త రేకు కాలువ నిన్ననే బిగించారు. రేపు ఫిట్టర్ వచ్చి దానికి చిల్లు పెట్టి పైపు దించుతాడు. చిల్లు పడ్డాక చేసేదేం లేదు.

"ఒక బకెట్ నీళ్లు పోసి చూస్తే పోలా?" అన్నాడు మూల మంచం మీంచి మామగారు. నలభై ఏళ్లు ఇళ్లకి రేకులు కప్పిన మేస్త్రి. చూపు పోయి మూడేళ్లయింది. చెవులు మాత్రం అంతకంతా పెరిగాయి. పక్కింటి కూరలో ఉప్పు తగ్గితే గరిటె చప్పుడుని బట్టి చెప్పేస్తాడని వీధిలో అంటారు.

"మీరు పడుకోండి మామయ్యా. ఇదంతా లెక్కల పని."

"లెక్క తప్పితే తడిసేది నా బట్టలు బాబూ," అంది అత్తగారు. "పోసి చూడు. అమ్మాయేదీ, నిచ్చెన పట్టుకోడానికి?"

"బొత్తాలు కొనడానికెళ్లింది. నాకింకొకళ్లు నిచ్చెన పట్టుకోవాలా అత్తయ్యా!" అంటూ అల్లుడు బకెట్ తీసుకుని బయటికి నడిచాడు.

కాసేపటికి పైన బకెట్ బోర్లించిన చప్పుడు. కాలువలో నీళ్లు గలగలమంటూ బయల్దేరాయి.

మామగారు తల వాల్చి వింటున్నాడు. "బాగానే వస్తున్నాయి... మొదటి కొక్కెం దాటాయి... రెండోది దాటాయి... ఆహా, నెమ్మదించాయే! ఎడమ మూలకి పోవడంలేదు. కిటికీ దగ్గర కాలువ వేలెడు కుంగింది. మడుగు కడుతోంది. నిన్న వాళ్లు రేకు అతికిన చప్పుడూ అక్కడే వినపడింది, ఆ సందులోంచి కారుతుంది. ఏమే, కిటికీలోంచి చెయ్యి చాపు."

"ఎటు?"

"కొంచెం కుడికి. ఇంకొంచెం. ఆఁ, అక్కడే ఉంచు. మూడు... రెండు... ఒకటి."

టప్!

చల్లటి చుక్క సరిగ్గా అరచేతి మధ్యలో పడింది. ఆవిడ మంచం వైపు తిరిగింది. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

గుమ్మంలోకొచ్చిన అల్లుడిదీ అదే వాలకం. చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదుగానీ, మొహం మాత్రం పాలిపోయింది. "మామయ్యా, అవి చెవులా, ఇంకేమన్నానా! కిటికీ దగ్గర కాలువ కుంగిందని పైకెక్కి చూసిన నాకే తెలీలేదు!"

"పైపు ఆ కిటికీ పక్కనే దించమని చెప్పు ఫిట్టర్‌కి. నీళ్లు ఎటు పోవాలో మనం రాసిస్తే వినవు. అవి పోయే చోటే దారివ్వాలి."

"అలాగే మామయ్యా!"

అత్తగారు తడి చెయ్యి చీర కొంగుకి తుడుచుకోలేదు. ఆ చుక్కని అలాగే పట్టుకుంది. మిషన్ బతికింది.

"ఇంకోటి కూడా వినపడిందిరా అల్లుడూ," అన్నాడు మామగారు తాపీగా. "నిచ్చెన మీద అడుగులు. ఒకటి, రెండు, నాలుగు. చిన్నప్పుడు మూడో మెట్టు మీంచి జారిపడ్డ దగ్గర్నుంచీ దాన్ని దాటేసి ఎక్కే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది."

పైకప్పు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. "నాన్నా, నీ చెవులకో దండం!" అని కూతురి గొంతు. "బొత్తాలు కొనలేదమ్మా!"

అత్తగారు అల్లుడి వైపు తిరిగింది. అల్లుడు మిషన్ ముందున్న స్టూలు వైపు చూసి, గోడ పట్టుకున్నాడు.

"పైకప్పు దాకా ఎందుకులెండి మామయ్యా... ఆ స్టూలెక్కినా నాకు కళ్లు తిరుగుతాయి."