ఎవరూ అడగని వేళ

“ఈ పని నువ్వే చెయ్యాలని రూలేం లేదు. ఇంకెవరినైనా పిలిపిస్తాను,” అన్నాడు మేనేజర్.

“రాసింది నేను. చూడాల్సిందీ నేనే,” అందామె.

మేనేజర్ ఆమె కాళ్ళవైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఒక చెప్పు ఆమెది, రెండోది అత్తగారిది. పొద్దుటి నుంచీ ఎవరూ చెప్పలేదు. ఆమే చూసుకోలేదు.

గోడౌన్‌లో అందరూ ఆమెను డ్రైవరమ్మ అంటారు. కొత్తలో గేటు దగ్గర వాచ్‌మన్, “ఏ బండి తోల్తావమ్మా?” అని అడిగాడు కూడా. ఆమె తోలేది బండి కాదు. కంప్యూటర్‌కీ, దానికి వైరు తగిలించే నెట్‌వర్క్ కార్డుకీ మధ్య మాటలు మోసే ప్రోగ్రాము రాస్తుంది. దాన్నీ డ్రైవర్ అనే అంటారు.

సీలు తీసి కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళారు. ప్రమాదం జరిగిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కంప్యూటర్ ఇంకా నడుస్తూనే ఉంది. కిటికీ గట్టు మీద మెకానిక్ టిఫిన్ డబ్బా, పెట్టిన మూత పెట్టినట్టే.

అది భోజనాల వేళ. మెషిన్లన్నీ ఆపేసి అందరూ తినడానికి వెళ్ళారు. మెకానిక్ మాత్రం “ఈ ఒక్కటీ చూసొచ్చి తింటా” అని సరుకుల లిఫ్టు కింద గుంతలోకి దిగాడు. పైనున్న లిఫ్టు దానంతటది కదిలింది. వాకీటాకీలో కేక. మీట దగ్గరే ఉన్న ముసలాయన, అందరికీ బాబాయ్, స్టాప్ నొక్కాడు. లిఫ్టు ఆగింది. అప్పటికే మెకానిక్ ప్రాణం పోయింది.

కేక వినగానే నొక్కానంటాడు బాబాయ్. అంతా అయిపోయాకే స్టాప్ వచ్చిందంటుంది కంప్యూటర్ రికార్డు.

“కునుకు తీసుంటాడు,” అన్నాడు మేనేజర్. “రికార్డు సరిగ్గానే ఉందని నువ్వో సంతకం పడేస్తే రేపు పోలీసులొచ్చి తీసుకెళ్తారు. నీకూ మనసు కుదుటపడుతుంది.”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవరో టీ పెట్టి వెళ్ళారు. ఫోన్ మోగింది. అత్తగారు.

“పిల్ల పాలు తాగడం లేదే. తేలిందా? ఆ ముసలాడేగా?”

“చూస్తున్నా అత్తయ్యా.”

“చూసేదేముంది! వాడి చెయ్యి పడిపోను!”

ఆమె ఫోన్ బోర్లించింది.

స్టాప్ నొక్కితే ఆ సందేశం వైరు మీద కంప్యూటర్‌కి వస్తుంది, అది లిఫ్టును ఆపుతుంది. సందేశం మీద టైము ముద్ర రెండు చోట్ల వెయ్యొచ్చు. సందేశం వైరు మీంచి దిగీ దిగగానే కార్డే వెయ్యొచ్చు. లేదంటే డ్రైవర్ దాన్ని లోపలికి మోసుకొచ్చాక తీరిగ్గా వెయ్యొచ్చు. చుట్టం గుమ్మమెక్కిన వేళ రాయడానికీ, వంటింట్లో పీట మీద కూర్చున్నాక రాయడానికీ ఉన్నంత తేడా. “కార్డు ముద్రే వాడుతున్నావా?” అని కంప్యూటర్ అడిగితే ఆమె డ్రైవర్ ‘ఆ’ అంటుంది, పేపరు చదువుతూ ఊఁ కొట్టే మగాడిలాగా. వేసేది మాత్రం తన టైమే. ఆ భాగం తర్వాత రాద్దామనుకుంది. అప్పుడామెకు నెలలు నిండాయి.

ఇంకోటి కూడా ఉంది. సందేశాలను ఒక్కొక్కటే లోపలికి తెస్తుంటే కంప్యూటర్‌కి ఊపిరాడటం లేదని, కొన్ని పోగయ్యాకే తెమ్మని రాసింది. సీట్లు నిండితే గానీ కదలని బస్సులాగా. నిండకపోయినా కాసేపు చూసి బయల్దేరమని రాసిందా?

తెర మీద వెతికింది. మళ్ళీ మొదట్నించీ వెతికింది. రాయలేదు.

మెషిన్లు తిరుగుతున్నప్పుడు ఆ బస్సు రెప్పపాటులో నిండిపోతుంది. భోజనాల వేళ ఎక్కేవాళ్ళెవరు?

ఇక కార్డు ఉంది. స్టాప్ సందేశం వచ్చిన వేళను అది తన లోపల చిన్న అరలో దాచుకుంటుంది. ఎవరో ఒకరు వచ్చి అడిగేదాకా చెరపదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆమె అడిగింది.

కార్డు చెప్పింది. లిఫ్టు మోటారు రాసుకున్న టైములు పక్కన పెట్టి చూసింది. లిఫ్టు పై అంతస్తయినా దాటకముందే స్టాప్ గుమ్మం దాకా వచ్చేసింది.

ఆ అంకెను చాలాసేపు చూసింది. ఏడుపు రాలేదు. టీ మీద మీగడ కట్టింది.

“బాబాయ్ వెంటనే నొక్కాడు,” అంది. “నా డ్రైవరే లోపలికి రానివ్వలేదు.”

మేనేజర్ లేచి తలుపు దగ్గరగా వేశాడు. “ఎవరూ వినలేదు. ఉద్యోగం సంగతి పక్కన పెట్టు. ఈ మాట నెత్తిన పెట్టుకుని రేపట్నించీ నువ్వెలా బతుకుతావు?”

“రాసుకోండి. సంతకం ఎక్కడ పెట్టాలి?”

మెట్ల మీద కూర్చుని ఉన్నాడు బాబాయ్. విషయం అప్పటికే చెవిన పడినట్టుంది. సంతోషం లేదు ముఖంలో. ఆమెను చూసి లేవబోయి, లేవలేక, కండువాలో ముఖం దాచుకున్నాడు.

“నామీదే ఉంచెయ్యాల్సింది తల్లీ. కాటికి కాళ్ళు చాపుకున్నవాణ్ణి. నీకెందుకమ్మా ఇది?”

“నువ్వు నొక్కావుగా బాబాయ్,” అని దిగిపోయింది.

గేటు దగ్గర వాచ్‌మన్ పరుగున వచ్చాడు. “ఈ టిఫిన్ డబ్బా ఆ గదిలో ఉండిపోయిందమ్మా. ఆయనది. కడుగుదామంటే చెయ్యి రాలేదు.”

“ఇలా ఇవ్వు,” అందామె.

ఇంటికెళ్ళి ఆ డబ్బా శుభ్రంగా తోమి, ఆ రోజు పొద్దున అన్నం సర్ది భర్త చేతికివ్వడానికి ఏ అరలోంచి తీసిందో అదే అరలో బోర్లించింది.