పదకొండు గంటల ఫోను

మూడో అంతస్తు మెట్ల మీద కాలు జారి మోకాలి చిప్ప పగిలిన రోజుతో కండక్టరమ్మ ఉద్యోగం ముగిసిపోయింది.

ఇరవై రెండేళ్ళు బస్సులో రోజంతా జనంతో మాట్లాడిన మనిషి. "ముందుకు జరగండి" అని ఆమె ఒక్క కేక వేస్తే చివరి సీటు దాకా సర్దుకునేవారు.

ఇప్పుడు జరగడానికి ఆ ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే.

కర్ర పట్టుకుని మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మళ్ళీ మంచం దాకా. అంతే ఆమె రూటు.

ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటుందట. డాక్టర్లు రోగుల సంగతులు చెప్పి రికార్డు చేస్తారు. అది విని టైపు చేసి పంపడమే. బావ కంప్యూటరు మూల పడే ఉందిగా?"

ఆ బావ పోయి ఆరేళ్ళు.

"నాకు టైపు ఎక్కడొచ్చే?"

"ఇన్నాళ్ళూ టికెట్ల మిషను నొక్కలేదూ? ఇదీ అలాంటిదే. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందక్కా."

ఆ ఆఫీసువాళ్ళు పెట్టిన టైపు పరీక్ష రాసింది. మర్నాడు పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

"అమ్మా, మీరు టైపు చేసింది చూశాను. ముప్ఫై ఒక్క తప్పులున్నాయి."

ముసలి గొంతు. తొందర లేదు.

"అయితే పని లేనట్టేనాండీ?"

"అలా అన్నానా? రేపటి నుంచి రోజుకు రెండు ఫైళ్ళు వస్తాయి. చేసి నాకు పంపండి. పదకొండుకి ఫోన్ చేస్తాను."

చేశాడు. మర్నాడూ, ఆ మర్నాడూ, రోజూ.

"మూడో నిమిషం దగ్గర మళ్ళీ వినండమ్మా. డాక్టరు కుడి కన్ను అన్నాడు. మీరు ఎడమ కన్ను కొట్టారు."

"ఏదో పొరపాటున పడిందండీ. ఒక్క మాటేగా!"

"అవతల కత్తి పట్టుకున్నాయన చదివేది కూడా ఆ ఒక్క మాటేనమ్మా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పేరు కూడా అడగలేదు. మనసులో మాత్రం తప్పులాఫీసరు అని పెట్టుకుంది.

ఒకరోజు తప్పులన్నీ చెప్పడం అయ్యాక ఆయన ఫోన్ పెట్టలేదు.

"మీ దరఖాస్తులో చూశాను. మోకాలు ఎలా ఉందమ్మా?"

"నేను టైపు చేసేది చేతులతోనండీ."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి ఎంతకీ ఆగలేదు. ఆగేదాకా ఉండకుండా ఆమె ఫోన్ పెట్టేసింది.

మూడో నెలలో ఒక ఫైలు దగ్గర గొడవైంది. రోజుకు ఆరు మాత్రలని, మాటలు మింగేసే ఓ డాక్టరు చెప్పినట్టు ఆమె టైపు చేసింది.

"ఆరు కాదు, మూడు. ఇంకోసారి వినండి."

"ఆరేనండీ. నాకేం చెవుడా?"

"ఇంకోసారి వినండమ్మా."

తొమ్మిదిసార్లు వినిపించాడు. తొమ్మిదోసారి ఆమెకూ మూడనే వినిపించింది. ఆయన చెప్పిందే నిజమవడం మరీ కడుపుమంటగా తోచింది. ఆ కోపంలోనే ఆఫీసుకు ఉత్తరం కొట్టింది.

'తప్పులు పట్టే ఆఫీసరు రోజూ ఫోన్ చేసి నా ప్రాణం తోడేస్తున్నారు. ఇంకొకరిని వేయండి.'

మర్నాడు పదకొండుకి ఫోన్ మోగలేదు.

"పీడా విరగడైంది," అంది పైకే. వినడానికి ఎవరూ లేరు.

పని మాత్రం ఆగలేదు. రెండు ఫైళ్ళ బదులు నాలుగు రావడం మొదలైంది. చేసి తిన్నగా ఆఫీసుకే పంపేది. బాగుందనిగానీ బాగాలేదనిగానీ ఎవరూ అనేవారు కాదు.

అనుమానం వచ్చిన ప్రతి మాటా ఇప్పుడు ఆమే ఐదారుసార్లు వింటోంది. కొరుకుడు పడని మాట ఒకటి చిక్కినప్పుడు సంబరంగా తలెత్తేది. ఎదురుగా గోడ.

పదిన్నరకల్లా మొహం కడుక్కుని, జుట్టు సరిచేసుకుని ఫోన్ పక్కన కూర్చోవడం తనకు అలవాటైపోయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఫోన్లో మొహం ఎవరు చూస్తారని!

పన్నెండు రోజులు పంతం పట్టింది. పదమూడో రోజు ఆఫీసుకు ఫోన్ చేసింది. ఫైళ్ళు పంపే మేడమ్ ఎత్తింది.

"ఆ రోజు కోపంలో ఏదో రాసేశానమ్మా. ఆ పాత ఆఫీసరుగారినే మళ్ళీ నాకు వేయండి. ఎన్ని తప్పులు పట్టినా పర్లేదు."

"ఏ ఆఫీసరండీ?"

"అదే, దగ్గుతూ మాట్లాడతారు. రోజూ పదకొండుకి చేసేవారు."

"మీ ఉత్తరం ఆయనకే చూపించామండీ. చదివి నవ్వారు. ఆవిడకు చెవి కుదిరింది, ఇక నా ఫైళ్ళు కూడా ఆవిడకే ఇచ్చేయండి అన్నారు. ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేరారు. మొన్న శుక్రవారం పోయారు."

కండక్టరమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. ఏదో ఒకటి అడగాలి కనుక అడిగింది.

"ఆయన కుర్చీలో ఇప్పుడు ఎవరున్నారమ్మా?"

"కుర్చీ ఏమిటండీ? పరీక్షలో మీరు తప్పారు. మీ పేపరు దిద్దిపెట్టిన ఆయనే, ఆవిడ తప్పులకు నాది పూచీ అని చెప్పి, తన వంతు ఫైళ్ళలోంచే రెండు మీకు పంపించమన్నారు. తప్పులు పట్టే ఉద్యోగమంటూ మా దగ్గర లేనే లేదు. ఆయన కూడా మీలాగే, ఇంట్లో ఒక్కరే కూర్చుని టైపు చేసుకునే మనిషి."