గుమ్మం అడుగు కోత

ఆ పొద్దున మా పనిముట్ల కొట్లో నా చేతిలో ఉన్నవి రెండే: ఎవరూ కొనని పెద్ద గుండ్రటి రంపం మిషను, దాని మీద మనసుపడ్డ ఒక కొత్త అల్లుడు. పక్కన మామగారు.

"నేలకు చెక్క పలకలు వేస్తున్నాం. అవి దూరేలా ద్వారబంధం అడుగున కోయాలి. నేనే కోస్తానని మామయ్యగారికి మాటిచ్చాను," అన్నాడు అల్లుడు.

"అయితే ఇదే తీసుకోండి బాబూ!" అన్నాను పెద్ద రంపం చూపిస్తూ.

"ముందు కరెంటు పెట్టకుండా మన గుమ్మానికి ఆనించి చూడనివ్వండి," అంది, ఆ రోజు ఊరికే కొట్టు చూడ్డానికొచ్చిన మా ఆవిడ.

ఆనించాడు. మిషను ఒళ్ళు అటు గోడకు, ఇటు నేలకు అడ్డుపడింది. పళ్ళు చెక్కను తాకనే లేదు.

"గోడ కూడా కోసేస్తారా అల్లుడుగారూ?" మామగారు నవ్వారు. కుర్రాడి మొహం వాడిపోయింది.

మా ఆవిడ, బ్లేడు అటూ ఇటూ వణుకుతూ కోసే చిన్న రంపం మిషను తెచ్చి అతనికే ఇచ్చింది. "నేల మీద పలక ముక్క పెట్టి, దాని మీద బ్లేడు పడుకోబెట్టి కొయ్యి నాయనా, సరిగ్గా పలక మందమే తెగుతుంది. మా గుమ్మమే, పరవాలేదు."

"నా గుమ్మమా!" అన్నాను.

నున్నగా తెగింది. సందులోకి పలక సర్రున దూరింది. మామగారు వంగి తడిమి చూశారు. "మా అల్లుడు పనిమంతుడే!"

నేను రంపాన్ని చూస్తుంటే, ఆవిడ అతని మొహం చూసింది.

చిన్న మిషను కొని వెళ్తూ, "మళ్ళీ వస్తే అమ్మగారు ఉంటారుగా?" అన్నారు మామగారు.

"ఇక రోజూ ఉంటుంది," అంటూ నా కుర్చీ ఆవిడ వైపు జరిపాను.

ఖర్చు, కాస్త గుమ్మం. రాబడి, ఇద్దరు ఖాతాదారులు, ఒక భాగస్వామి.