కుడి చేతుల క్లాసు

"కుడి చెయ్యి ఎత్తినోళ్ళనే లేపు. ఎడమ చెయ్యి వంక పొరపాటున గూడా చూడమాకమ్మా," అన్నాడు సుధీర్ బాబు సారు.

"ఇవాళ నేనా పని చెయ్యను సార్," అంది షబ్నం.

నరసరావుపేటలో ఒక సర్కారు హైస్కూలు వరండా అది. లోపల తొమ్మిదో తరగతి పిల్లలు కూర్చుని ఉన్నారు. బీఈడీ చదువుతూ ఈ బడికి టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చిన షబ్నం కాసేపట్లో వాళ్ళకి చరిత్ర పాఠం చెప్పాలి. అదే ఆమె ఫైనల్ లెసన్. బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినరు వెనక కూర్చుని మార్కులు వేస్తాడు. ఇందులో తప్పితే బీఈడీ లేదు, బీఈడీ లేకపోతే డీఎస్సీ లేదు, డీఎస్సీ లేకపోతే టీచరు ఉద్యోగం కలలోకి కూడా రాదు.

సుధీర్ బాబు ఆమె కాలేజీలో సోషల్ మెథడాలజీ చెబుతాడు. టీచరు ప్రశ్న వెయ్యగానే క్లాసంతా చేతులెత్తాలని ఆయన సిద్ధాంతం. అందుకు ఆ బళ్ళో ఒక ఏర్పాటు ఉంది. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తుతారు, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. వెనక కూర్చుని చూసేవాడికి అందరూ సరస్వతీ పుత్రులే. బడి తెరిచిన జూన్‌లోనే పిల్లలకి ఇది నేర్పారు. పాఠాల కంటే ముందు నేర్పారు.

"ఏందమ్మా కొత్తగా మాట్లాడతావ్? నేను క్లాసు చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఇట్టాగే గదా చేశావ్?"

అది నిజమే. అందుకే షబ్నానికి ఒళ్ళు మండింది. ఆయన మీద సగం, తన మీద సగం.

"చేశాను సార్, సిగ్గు లేక చేశాను. తెలిసినోళ్ళకే మళ్ళీ చెప్పడానికి టీచరెందుకు? నాకు తెలీదని చెయ్యెత్తి మరీ చెప్తున్న పిల్లల్ని చూడనట్టు నటించడానికా మనకీ చదువు? రేపు ఉద్యోగమొచ్చినా నేను చేసేది ఇదేనా?"

"నీతులు రికార్డులో రాసుకో, మార్కులు పడతయ్. క్లాసులో చూపిస్తే తప్పుతావ్. తప్పి ఏం చేస్తావ్? మీ నాన్న షెడ్డులో స్పానర్లు అందిస్తావా?"

షబ్నం ముఖం జేవురించింది. మోటారు సైకిళ్ళు బాగుచేసి తనని ఇంతదాకా చదివించాడు వాళ్ళ నాన్న నూర్ మొహమ్మద్. బండి బాగు కాకుండానే బాగైందని చెప్పి ఆయన ఎవరినీ పంపలేదు. ఆ మాట మొహాన కొట్టినట్టు అనేద్దామనుకునేలోగా ఎగ్జామినరు వచ్చేశాడు.

పాఠం పల్నాటి పుల్లరి సత్యాగ్రహం. అడవి అంచు పల్లెలు తెల్లదొరకి ఎదురు తిరిగిన కథ. షబ్నం బోర్డు మీద పేరు రాసి, మొదటి ప్రశ్న వేసింది.

"పుల్లరి అంటే ఏమిటో ఎవరు చెబుతారు?"

చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎగ్జామినరు మెచ్చుకోలుగా తలాడించాడు. గుమ్మంలో నిలబడ్డ సుధీర్ బాబు మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆ నవ్వు చూసేసరికి షబ్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు బెంచీలో అన్సార్ కుడి చెయ్యి ఆమె ముక్కుకి తగిలేటట్టు ఊగుతోంది. వాణ్ణి దాటేసింది. చివరి బెంచీ మూలన ఒక ఎడమ చెయ్యి నిటారుగా లేచి ఉంది. అది కెజియాది. దసరా సెలవుల తర్వాత గురజాల పక్క పల్లె నుంచి వచ్చి చేరిన పిల్ల. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. షబ్నం కూడా ఆ పిల్లని ఎప్పుడో మొద్దుల్లో జమకట్టేసింది.

తప్పితే తప్పాను పో, అనుకుంది.

"కెజియా, నువ్వు లే."

సుధీర్ బాబు నవ్వు ఆగిపోయింది. వద్దు వద్దని గుమ్మంలోంచి చెయ్యి ఊపాడు. ముందు బెంచీల పిల్లలు బిత్తరపోయి వెనక్కి తిరిగారు. ఎడమ చెయ్యి ఎత్తినవాళ్ళని లేపడం వాళ్ళెన్నడూ చూడలేదు.

"తెలియకపోయినా పర్లేదమ్మా. తెలియనివాళ్ళకి చెప్పడానికే నేనొచ్చింది," అంది షబ్నం, గుమ్మం దాకా వినపడేటట్టు.

కెజియా లేచి నిలబడింది.

"అడివిలో గొడ్లని మేపుకుంటే సర్కారుకి కట్టే పన్ను టీచర్, పుల్లరంటే. మన గొడ్లు మన అడివిలో మేస్తే మీకెందుకు కట్టాలని ఊళ్ళోళ్ళు ఎదురు తిరిగారు. కట్టకపోతే గొడ్లని తోలుకుపోయి బందెలదొడ్లో పెట్టారు. అప్పుడు జనమంతా ఒక్కటై ఆ ఆఫీసర్లకి నీళ్ళు గూడా ఇయ్యగూడదని కట్టుబాటు చేసుకున్నారు. ఇంకా చెప్పనా టీచర్?"

ఎగ్జామినరు బల్ల చరిచాడు. "శభాష్! చివరి బెంచీ పిల్ల ఇట్టా చెప్పడం నా సర్వీసులో చూళ్ళేదమ్మా," అంటూ మార్కులు వేసి లేచాడు. "అంతా మా మెథడ్ సార్," అంటూ సుధీర్ బాబు ఆయన్ని గేటు దాకా సాగనంపాడు.

గట్టెక్కిన సంతోషం షబ్నానికి ఇంత కూడా లేదు. మిగతా పాఠం ముగించి, గంట కొట్టగానే కెజియాని వరండాలోకి లాక్కొచ్చింది.

"ఇంత తెలుసుగదే! మరి ఇన్నాళ్ళూ నోరు తెరవలేదేం?"

"అడగందే ఎట్టా చెప్పేది? చేరినకాడ్నించీ తెలిసినప్పుడల్లా చెయ్యెత్తుతానే ఉన్నా. ఒక్క టీచరు లేపలా. మీరు గూడా లేపలా." ఆ పిల్ల కళ్ళలో కోపంతో నీళ్ళు తిరిగాయి.

"తెలిస్తే కుడి చెయ్యి ఎత్తాలి గదే! ఎడమ చెయ్యి ఎందుకెత్తావు?"

కెజియా తెల్లబోయి తన చెయ్యి వంక చూసుకుంది.

"నాది పుర్రచెయ్యి టీచర్."