తమ్ముని మూలుగ

రక్త క్యాన్సర్‌కు తమ్ముడి మూలుగ ఎక్కించుకున్న శోభారాణికి రెండో నెలలో ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి.

“వాని మూలుగతోపాటు వాని గుణం గూడ వచ్చింది. పనికిమాలినోడు! లోపలికెల్లి నా తోలు కొరుక్క తింటాండు.”

ఆమె ఆరేళ్ళుగా రాఖీ కట్టని ఆ తమ్ముడు, సదానందం, ఆమె వీపుకు మందు రాసి టీ తేవడానికి వెళ్ళాడు.

“తమ్ముడి కణాలైతే వాటిలో మగ క్రోమోజోము కనిపించాలమ్మా. మీ చర్మాన్ని తింటున్నవి మీ పాత కణాలే. మూలుగ మార్చేముందు ఎంత మందెక్కించినా చావకుండా అక్కడ దాక్కున్నాయి,” అన్నాడు డాక్టరు, చర్మం ముక్క పరీక్ష రిపోర్టు ఆమె చేతికిస్తూ.

శోభారాణి దాన్ని దిండు కిందికి తోసింది.

“ఏమన్నడక్కా?” అన్నాడు సదానందం, టీ అందిస్తూ.

“ఏమంటడు? నువ్వేనట.”

“తప్పయిందక్కా,” అంటూ అతను మళ్ళీ మందు ట్యూబు మూత తీశాడు.