పక్కన పెట్టే ముక్క

"అమ్మా, ఒక చీటీ రాసివ్వాలి."

డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. గుమ్మంలో ఎవరో పెద్దాయన. ఈ ల్యాబులో చేరి రెండు నెలలే అయినా, ఇలా నేరుగా లోపలికి వచ్చేవాళ్లంటే ఆమెకు అప్పుడే ఒళ్లుమంట.

"రిపోర్టులు కౌంటర్లో ఇస్తారు."

"రిపోర్టు కాదమ్మా. రేపు పొద్దున నా భుజం మీద గడ్డ తీస్తున్నారు. తీసింది ఇక్కడికి పంపమని రెండు మాటలు రాసివ్వండి. చీటీ లేకపోతే పారేస్తారట."

"పరీక్ష కావాలంటే మీ డాక్టరు రాయాలి."

"పరీక్షెందుకూ, అదేమిటో నాకు తెలుసు. ఊరికే, మీ దగ్గర ఉంచుకుంటారని."

"ఉంచుకోవడానికి ఇదేమైనా మ్యూజియమా?"

ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. నవ్వాడు.

"గురువారం మా టెక్నీషియన్ సెలవు నుంచి వస్తారు. ఆయన్ని అడగండి."

"గురువారానికి ఇంకేముంటుందమ్మా! సరే, మీరు పనిలో ఉన్నట్టున్నారు." తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ మాట కటువే గానీ పనిలో మాత్రం నిఖార్సైన మనిషి. ఆ మనిషికే గురువారం ఒక స్లైడు మూడు చెరువుల నీళ్లు తాగించింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఓ టీచరు చెంప మీద గడ్డ. లక్షమందిలో ఒకరికి వచ్చే కేన్సరని అనుమానం. అవునంటే చెంప సగం తీయాలి. కాదంటే రెండు కుట్లతో పోతుంది. సర్జన్ అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఆ ప్రత్యేకమైన రంగు వేసి చూద్దాం," అంది టెక్నీషియన్‌తో.

ఆ జబ్బుంటే ముక్క గోధుమరంగుకు తిరుగుతుంది. కానీ రంగును ఒంటరిగా నమ్మడానికి లేదు. ఆ జబ్బేనని ఎప్పుడో తేలిపోయిన ముక్కను కూడా అదే గాజు మీద పక్కన పెట్టాలి. ఆయన బీరువాలోంచి, అలాంటి ముక్కను పొదిగి దాచిన పాత మైనపు దిమ్మ తీసి, ఉల్లిపొరంత పలుచగా కోశాడు.

సాయంత్రానికి పాత ముక్క గోధుమరంగుకు తిరిగింది. టీచరు ముక్క తిరగలేదు.

అంటే ఆ కేన్సర్ కాదు. పాతది కూడా తిరక్కపోయి ఉంటే, లోపం రంగుదో, గడ్డకే ఆ జబ్బు లేదో తేలేదే కాదు. డాక్టరమ్మ వెంటనే సర్జన్‌కు ఫోన్ చేసి ఆ మాట చెప్పింది.

"బంగారం లాంటి దిమ్మ బాబాయ్. జాగ్రత్తగా దాచండి."

"ఇంకేం దాస్తానమ్మా, అడుగంటింది. అదే ఆఖరి పొర."

"అయ్యో, ఇలాంటిది మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?"

"బెంగపడకండి. పన్నెండేళ్ల కింద ఈ ముక్క ఇచ్చినాయనే ఉన్నాడుగా. పాపం, గడ్డ మళ్లీ లేచిందట. ఇదీ నలుగురికి పనికొస్తుందేమోనని ఆయనే ఫోన్ చేశాడు," అన్నాడు టెక్నీషియన్, బల్ల మీది మైనపు పొట్టు తుడుస్తూ. "సోమవారం మీ దగ్గరికే పంపాను, చీటీ రాసిచ్చారుగా?"