ఆకలేసిన పగడం

"మీకు ఏ పన్ను నొప్పి?" అని హాల్లోకి వచ్చి అడిగింది పళ్ళ డాక్టరమ్మ.

"ఏ పన్నూ కాదమ్మా," అన్నాడు పెద్దాయన.

మూడు వారాలుగా వస్తున్నాడాయన. టోకెన్ తీసుకుంటాడు. తన వంతు రాగానే పక్కవాళ్ళను లోపలికి పంపేస్తాడు. హాల్లోని గాజుతొట్టి ముందు గంటసేపు కూర్చుని వెళ్ళిపోతాడు.

ఆ తొట్టి అంటే డాక్టరమ్మకు ప్రాణం. అందులో ఉప్పునీళ్ళు, రెండు చేపలు, ఊదారంగు కొమ్మల పగడం ఒకటి. చూడటానికి మొక్కలా ఉన్నా అది ప్రాణి. అంతకుముందు పెంచిన రెండు పగడాలూ చనిపోయాయి. ఇప్పుడు ఇదీ రోజురోజుకీ పాలిపోతోంది.

"మరెందుకొస్తున్నారు?"

"దీన్ని చూద్దామని. నీళ్ళు మరీ శుభ్రంగా ఉన్నాయమ్మా. పాపం, దీనికి ఆకలేస్తోంది."

డాక్టరమ్మకు చుర్రుమంది. వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చి, కంటికి రెప్పలా చూసుకుంటోంది తను.

"శుభ్రంగా ఉంచడం కూడా తప్పేనా?"

"నోటికైతే మంచిదే. దీనికి మాత్రం తప్పే. చేపలకి ఇంకో చిటికెడు మేత వెయ్యండి. వాటి మలినమే దీనికి బలం. నీళ్ళలో ఊరికే చెయ్యి పెట్టకండి."

"నా తొట్టి సంగతి నాకు తెలుసండీ. నొప్పితో వచ్చినవాళ్ళు నిలబడి ఉన్నారు, కుర్చీ ఖాళీ చెయ్యండి."

పెద్దాయన నొచ్చుకోలేదు. వంగి గాజులోంచి మరోసారి చూసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

పదిరోజులకు కొమ్మల చివర్లు సున్నంలా తెల్లబడ్డాయి.

"ఆ తాతగారు చెప్పింది చేసి చూద్దాం మేడమ్, పోయేదేముంది?" అంది నర్సు.

"ఏడ్చినట్టుంది," అంటూనే మేత పెంచింది డాక్టరమ్మ. తర్వాత నీళ్ళ జోలికి పోకుండా చేతులు కట్టుకుని కూర్చుంది. అదే అన్నిటికన్నా కష్టమైంది.

నెల తిరిగేసరికి ఊదారంగు తొంగిచూసింది. రెండో నెలకి కొత్త కొమ్మలు లేచాయి.

"మన క్లినిక్‌లో దీని చిగుళ్ళే బాగున్నాయి మేడమ్!" అంది నర్సు.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. ఆ రోజంతా కూనిరాగం తీస్తూనే ఉంది.

సాయంత్రం, పగడం ఇచ్చిన చేపల షాపుకి వెళ్ళింది. పెద్దాయన ఆనవాళ్ళు చెప్పి, "ఎక్కడుంటారో తెలుసా? క్షమించమని అడగాలి," అంది.

"కూతురి దగ్గరకి వెళ్ళిపోయారండీ. ఇక రారు. వెళ్ళేముందు నా దగ్గర మీ అడ్రసు తీసుకున్నారు."

"నా అడ్రసా? ఎందుకు?"

"మీదొక్కటే కాదు, ఇరవై ఇళ్ళవి."

షాపతను గొంతు తగ్గించాడు.

"చేపల మ్యూజియం మూసేసినప్పుడు, తను అక్కడ ముప్పై ఏళ్ళు పెంచిన పగడాన్ని చావనివ్వకుండా, కొమ్మకొమ్మగా తుంచి మీకందరికీ పంచమని నాకిచ్చింది ఆయనేనండీ. ఊరొదిలే ముందు పిల్లల్ని కళ్ళారా చూసుకుని పోదామని ఇల్లిల్లూ తిరిగారు."